ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ రీకాల్: మీ కారు లిస్టులో ఉందా, ఉంటే ఏం చేయాలి

అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు డల్లాస్ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకొస్తూ, మనందరం చేసేదే, పెద్దావిడ కదా అని ముందు సీట్లో కూర్చోబెట్టాను. అమ్మ బరువు 43 కిలోలు, ఎత్తు ఐదడుగులకు కాస్త తక్కువే. దారిలో ఎప్పుడు వెలిగిందో తెలియదు కానీ, ఇల్లు చేరేసరికి డాష్‌బోర్డులో బెల్టు పెట్టుకున్న మనిషి, ఆ మనిషి ఎదుట గుండ్రటి బంతి ఉన్న బొమ్మ ఒకటి ఎర్రగా కనిపిస్తోంది. టైర్లలో గాలి తగ్గినా ఏదో ఒక లైటు వెలుగుతుంది కదా, ఇదీ అలాంటిదే అనుకుని రెండు వారాలు అలాగే నడిపాను. తర్వాత ఆఫీసులో ఒకాయన చెబితే కారు విన్ నంబరు, అంటే ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు, కొట్టి చూశాను. మా కారు మీద రీకాల్ ఉంది, అంటే లోపం ఉందని కంపెనీయే కారును రిపేరుకు వెనక్కి పిలిచింది, అదీ సరిగ్గా అమ్మ కూర్చున్న సీటు సెన్సర్‌కే. ఉత్తరం పంపారట, నాలుగు నెలల కిందట, మేం ఖాళీ చేసి వచ్చేసిన పాత అపార్ట్‌మెంటుకు.

ఆ రెండు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ దడగానే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడ రీకాల్ ఉత్తరం రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరుకు, అడ్రసుకు వస్తుంది. మన బతుకులేమో ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారేవి. చదువుకునే పిల్లలు సీనియర్ల దగ్గర కారు కొంటారు, ఇండియాకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు వారం రోజుల్లో ఎవరికో ఒకరికి అమ్మేసి విమానం ఎక్కేస్తారు. ఆ ఉత్తరం మన చేతికి రాకపోవడానికి ఇన్ని దారులున్నాయి. వచ్చినా కూపన్ల మధ్య కలిసిపోయి చెత్తబుట్టలోకి పోతుంది.

అసలు ఆ సెన్సర్ ఎందుకు

ప్రమాదం జరిగినప్పుడు ముందు ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ సమయంలో ఉబ్బుతుంది. పెద్దవాళ్ల ప్రాణం కాపాడే ఆ వేగమే చిన్నపిల్లల తలకు, మెడకు తగిలితే ప్రాణం తీస్తుంది. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1990 నుంచి 2008 వరకు అమెరికాలో తక్కువ వేగంలో జరిగిన ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగ్ దెబ్బకే 290 మందికి పైగా చనిపోయారని ఇక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ అంచనా. వాళ్లలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివాళ్లు, లేదా సరిగ్గా పెట్టుకోనివాళ్లు. ఆ కార్లలో చాలామటుకు 1998కి ముందు తయారైనవి.

ఆ చావుల తర్వాతే రూల్స్ మారాయి. ముందు సీట్లో చిన్నపిల్లలుంటే ఎయిర్‌బ్యాగ్ దానంతట అది ఆగిపోవాలి, లేదా హాని చేయనంత మెల్లగా తెరుచుకోవాలి అనే నిబంధన 2003 సెప్టెంబరులో మొదలై 2006 నాటికి కొత్త కార్లన్నింటికీ వచ్చింది. అందుకోసం చాలా కంపెనీలు సీట్లోనే బరువు పసిగట్టే సెన్సర్లు పెట్టాయి. హోండా కార్ల మాన్యువల్‌లో చూస్తే, సీటు మీద సుమారు 29 కిలోలు, అంటే 65 పౌండ్లు, లేదా అంతకంటే తక్కువ బరువు ఉంటే ఎయిర్‌బ్యాగ్ ఆగిపోతుందని రాసి ఉంటుంది. సీట్లో ఉన్నది ఆరేళ్ల పాపా, అరవై ఏళ్ల అమ్మా అని కారుకు చెప్పేది ఆ ఒక్క సెన్సరే. అది తప్పు చెబితే కారు కూడా తప్పే చేస్తుంది.

ఒకే సెన్సర్, రెండు రకాల ప్రమాదం

2024 ఫిబ్రవరిలో హోండా అమెరికాలో దాదాపు 7 లక్షల 50 వేల కార్లను ఇందుకే రీకాల్ చేసింది. 2020 నుంచి 2022 మోడళ్ల అకార్డ్, సివిక్, సీఆర్-వీ, ఒడిస్సీ, పైలట్, హెచ్ఆర్-వీ, అక్యూరా ఎండీఎక్స్ లాంటివి అందులో ఉన్నాయి. మన కాలనీల్లో సాయంత్రం పార్కింగ్‌లో ఒక చూపు చూస్తే కనిపించేవి ఇవే కదా. కారణం చిన్నదే, కానీ వింటే ఒళ్లు జలదరిస్తుంది. సెన్సర్ లోపలి సర్క్యూట్ బోర్డు సరఫరా చేసే ఫ్యాక్టరీ ఒకటి ప్రకృతి వైపరీత్యంలో దెబ్బతింది. దాంతో కొన్నాళ్లు బోర్డుకు వేరే మెటీరియల్ వాడారు, అది ఈ పనికి తట్టుకుంటుందో లేదో సరిగ్గా పరీక్షించలేదు. ఆ బోర్డు మీద ఒత్తిడి పడి, గాలిలో తేమ కూడా తోడై, లోపల కెపాసిటర్ అనే చిన్న విద్యుత్ భాగం పగిలి షార్ట్ సర్క్యూట్ అవ్వచ్చు. అలా అయితే పసివాళ్లు కూర్చున్నప్పుడు ఆగాల్సిన ఎయిర్‌బ్యాగ్ ఆగదు. రీకాల్ ప్రకటించేనాటికి దీనివల్ల ఎవరికీ గాయాలైనట్టు రిపోర్టులు లేవు, కానీ వారంటీ కింద వచ్చిన క్లెయిములు 3,834.

దానికి రెండు నెలల ముందు, 2023 డిసెంబరులో, టయోటా అమెరికాలో సుమారు 10 లక్షల కార్లను పిలిచింది. అవి కూడా 2020 నుంచి 2022 మధ్యవే: క్యామ్రీ, కరోలా, రావ్4, హైలాండర్, అవలాన్, సియెన్నా హైబ్రిడ్, కొన్ని లెక్సస్ మోడళ్లు. ఇక్కడా సీటు సెన్సర్లో షార్ట్ సర్క్యూటే, కానీ ఫలితం వేరు. ప్రమాదం జరిగినప్పుడు తెరుచుకోవాల్సిన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు.

ఈ తేడా గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే రిపేరు అయ్యేదాకా ముందు సీట్లో ఎవరిని కూర్చోబెట్టకూడదు అనేది దీన్నిబట్టే ఉంటుంది. ఆగాల్సినప్పుడు ఆగనిదైతే పిల్లలకు, చిన్న శరీరం ఉన్నవాళ్లకు ప్రమాదం. తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోనిదైతే అక్కడ కూర్చున్న ఎవరికైనా ప్రమాదమే, ఆరడుగుల మనిషికైనా సరే. మీ ఉత్తరంలో ఏది రాశారో రెండుసార్లు చదవండి.

పాత కార్లు నడిపేవాళ్లు తమకు సంబంధం లేదనుకోవద్దు. 2016లో నిస్సాన్ ఆల్టిమా, రోగ్, సెంట్రా లాంటి 30 లక్షలకు పైగా కార్లను ఇలాంటి సమస్యకే రీకాల్ చేసింది, పెద్దవాళ్లు కూర్చున్నా సీటు ఖాళీగా ఉందనో, పిల్లలున్నారనో పొరబడి ఎయిర్‌బ్యాగ్ ఆపేస్తుందని. స్టూడెంట్ల మధ్య చేతులు మారే కార్లలో ఇవి చాలా ఉంటాయి.

చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు

మీ కారు విన్ నంబరు తీసుకోండి. 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. డ్రైవర్ వైపు, కారు ముందు అద్దం కింది మూలలో బయటి నుంచి కనిపిస్తుంది, డ్రైవర్ డోరు తెరిస్తే అంచున స్టిక్కర్ మీద ఉంటుంది, ఇన్సూరెన్స్ కార్డు మీదా రిజిస్ట్రేషన్ కాగితం మీదా ఉంటుంది. ఇన్సూరెన్స్ కార్డు ఫోన్లో ఉంటే కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఒక మాట, విన్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు, కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. పదో స్థానంలో ఉన్నది మోడల్ సంవత్సరం చెబుతుంది. ఎల్ అయితే 2020, ఎమ్ అయితే 2021, ఎన్ అయితే 2022. ఈ మూడింట్లో ఒకటి కనిపించి, కారు పైన చెప్పిన పేర్లలో ఒకటైతే ఈ పని రేపటికి పెట్టకండి.

ఎన్‌హెచ్‌టీఎస్ఏ డాట్ గవ్ సైటులో రీకాల్స్ పేజీకి వెళ్లి ఆ నంబరు కొట్టండి. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. వాళ్లదే సేఫర్‌కార్ అనే యాప్ ఉంది. అందులో కారు ఒకసారి ఎక్కించి పెడితే ఇక ముందు ఏ రీకాల్ వచ్చినా ఫోన్‌కే మెసేజ్ వస్తుంది. మనలా ఊళ్లు మారేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చేది లేదు, ఉత్తరం ఏ అడ్రసుకు పోయినా టెన్షన్ ఉండదు.

రీకాల్స్ ఏమీ లేవని వస్తే సంతోషమే, కానీ దాని అర్థం కాస్త తెలుసుకోండి. ఇప్పటికే రిపేరు చేసిన రీకాల్ అందులో కనిపించదు. నిన్నో మొన్నో ప్రకటించిన రీకాల్ అయితే, కంపెనీ ఇంకా విన్ నంబర్లన్నీ ఎక్కించి ఉండకపోవచ్చు. అందుకే ఒక్కసారి చూసి వదిలేయకుండా ఏడాదికి రెండుసార్లు, గడియారం ముందుకు వెనక్కి తిప్పే రోజుల్లో చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆ రెండు లైట్లు ఒకటి కావు

నేను పొరబడింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. డాష్‌బోర్డులో ఉండేది హెచ్చరిక లైటు, మనిషీ బంతీ ఉన్న బొమ్మ. కారు స్టార్ట్ చేయగానే అది కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా, నడుస్తుండగా వెలిగినా ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌లో ఎక్కడో లోపం ఉందని అర్థం. రెండోది డాష్‌బోర్డు మధ్యలో గానీ పైన అద్దం దగ్గర గానీ ఉంటుంది, ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అని రాసి ఉంటుంది. అది లోపం చెప్పే లైటు కాదు, సీటు ఇప్పుడు ఎలా ఉందో చెప్పే లైటు. పిల్లలు కూర్చున్నప్పుడు అది వెలగడమే సరైనది. పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు వెలిగితే మాత్రం, వాళ్లకు ఆ ఎయిర్‌బ్యాగ్ అక్కరకు రాదు.

పెద్దవాళ్లకు ఆఫ్ లైటు వెలిగినంత మాత్రాన వెంటనే సెన్సర్ పోయిందనుకోవద్దు. సీటు వెనక్కి వాల్చి పడుకున్నట్టు కూర్చున్నా, డోరు మీద బరువు వేసి ఒరిగినా, వెనక సీట్లో పిల్లాడు కాళ్లతో ముందు సీటును పైకి తన్నినా, సీటు కింద వాటర్ బాటిల్ కేసో గొడుగో ఇరుక్కున్నా బరువు లెక్క తప్పుతుంది. ముందు సీటు మీద మందపాటి కవర్లు, పూసల కవర్లు, హీటింగ్ ప్యాడ్లు వేసి ఉంటే తీసేయండి. కింద ఉన్నవన్నీ తీసి, సీటు నిటారుగా పెట్టి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ వెలుగుతుంటే ఆ మనిషిని వెనక కూర్చోబెట్టి డీలర్‌కు ఫోన్ చేయండి.

ఇంకొకటి, లైటు వెలగలేదు కాబట్టి నా కారు బాగానే ఉంది అనే లెక్క వేయకండి. రీకాల్ లిస్టులో ఉన్న సెన్సర్ ఇంకా పగలకపోయి ఉండవచ్చు, అది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

రిపేరు అయ్యేదాకా

పిల్లల్ని ముందు కూర్చోబెట్టకండి. రీకాల్ లేకపోయినా 13 ఏళ్ల లోపు పిల్లలు వెనకే కూర్చోవాలని ఎన్‌హెచ్‌టీఎస్ఏ చెబుతుంది, ఇప్పుడైతే అస్సలు వద్దు. వెనక్కి తిప్పి పెట్టే పసిబిడ్డల సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఒక్క నిమిషం కూడా పెట్టకూడదు, గుడికి రెండు సందులే కదా అనుకున్నా సరే. స్కూలు దగ్గర దింపేటప్పుడు పిల్లలు ముందు సీటు కోసం మారాం చేస్తారు, తెలుసు. అక్కడ మెత్తబడకండి.

అమ్మలు, అత్తలు, అమ్మమ్మలు వచ్చినప్పుడే మనకు అసలు చిక్కు. ముందు సీటంటే మనకు మర్యాద సీటు. నేను వెనక డోరు తీస్తే అమ్మ చిన్నబుచ్చుకుంది కూడా, "ఏరా, నన్ను వెనక్కి పంపించేశావేంటి?" అని. సీటు సెన్సర్‌లో ఉన్న లోపం గురించి, ఎయిర్‌బ్యాగ్ దెబ్బ ఎంత గట్టిగా ఉంటుందో విడమరిచి చెప్పాను. ఆ తర్వాత తిరిగి ఊరెళ్లేదాకా మళ్లీ ముందు కూర్చోలేదు, వెనక కూర్చుని పిల్లలతో కబుర్లు చెప్పుకుంటూ వచ్చేది. తప్పనిసరై ఎవరైనా ముందు కూర్చోవాల్సి వస్తే సీటు వీలైనంత వెనక్కి జరిపి, బెల్టు సరిగ్గా పెట్టి, డాష్‌బోర్డు మీద కాళ్లు పెట్టకుండా చూడండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. సీటు కింద పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌వి. యూట్యూబ్ వీడియో చూసి వాటిని పీకకండి. ఫ్యూజు తీసేసి ఎయిర్‌బ్యాగ్ ఆపేద్దాం అనుకోకండి, దానితోపాటు ఇంకేమేం ఆగిపోతాయో మనకు తెలియదు. చవగ్గా స్కానర్‌తో ఆ లైటు ఆర్పేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లైటు ఆరుతుంది, పగిలిన సెన్సర్ మాత్రం అలాగే ఉంటుంది.

డీలర్ దగ్గర ఎలా మాట్లాడాలి

ఆ బ్రాండు అధీకృత డీలర్ ఎవరైనా పర్వాలేదు, కారు అక్కడ కొని ఉండక్కర్లేదు, మీరు మొదటి ఓనరు కానక్కర్లేదు. సర్వీస్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసి, నా కారు మీద ఓపెన్ రీకాల్ (ఇంకా రిపేరు చేయించని రీకాల్) ఉంది, ముందు సీటు సెన్సర్‌ది అని చెప్పి విన్ ఇవ్వండి. వెంటనే అడగాల్సింది, పార్టు మీ దగ్గర ఉందా లేదా అని. లేకుండానే అపాయింట్‌మెంట్ ఇచ్చి, తీరా వెళ్లాక ఆర్డర్ పెడతాం మళ్లీ రండి అనడం నాకు జరిగింది, సగం రోజు సెలవు పోయింది. పార్టు వచ్చాకే తేదీ తీసుకోండి. ఎంతసేపు పడుతుంది, అంతవరకు కారు ఏమైనా ఇస్తారా అని కూడా అడగండి. కారు ఇచ్చి తీరాలని చట్టం లేదు, కానీ ఇంట్లో పసిపిల్లలున్నారని, ఉన్నది ఒక్క కారే అని చెప్పి అడిగితే చాలాచోట్ల ఇస్తారు. మనవాళ్లు మొహమాటపడి అడగరు, అందుకే చెబుతున్నాను.

రీకాల్ రిపేరుకు పైసా కట్టక్కర్లేదు. పార్టూ లేబరూ రెండూ కంపెనీవే. కారు మొదటిసారి అమ్ముడైన తేదీ నుంచి 15 ఏళ్ల దాకా ఈ హక్కు చట్టంలోనే ఉంది. కారు లోపల ఉన్నప్పుడు ఫిల్టర్ మార్చాలి, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి అని ఒక చీటీ తెస్తారు. అవి నిజంగా కావాల్సినవైనా కావచ్చు, కానీ రీకాల్‌కూ వాటికీ సంబంధం లేదు, ఈరోజు రీకాల్ ఒక్కటే చేయండి అని చెప్పవచ్చు. బయటికి వచ్చేటప్పుడు రిపేర్ ఆర్డర్ కాగితం తీసుకుని, అందులో రీకాల్ నంబరు ఉందో లేదో, మీరు కట్టాల్సింది సున్నా అని ఉందో లేదో అక్కడే నిలబడి చదవండి. పార్కింగ్ దాటకముందే పెద్దవాళ్లనొకర్ని ముందు కూర్చోబెట్టి రెండు లైట్లూ చూసుకోండి. కొన్ని రోజుల తర్వాత విన్ మళ్లీ కొట్టి, రీకాల్ లిస్టులోంచి పోయిందో లేదో చూడండి.

డీలర్ డబ్బు అడిగినా, నెలల తరబడి తిప్పినా ఇంకో డీలర్‌కు వెళ్లండి, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే ఎన్‌హెచ్‌టీఎస్ఏకు ఫిర్యాదు చేయండి. సైటులో రాయవచ్చు, 888-327-4236కు ఫోన్ చేయవచ్చు. రీకాల్ ఇంకా రాని కారులో ఇలాంటి లోపం కనిపించినా అక్కడ రాయండి. రేపు రాబోయే రీకాల్‌కు దారి చూపేవి ఆ ఫిర్యాదులే.

రీకాల్ రాకముందే ఇదే సెన్సర్‌కు జేబులోంచి డబ్బు పెట్టి ఉంటే ఆ బిల్లు వెతకండి. తిరిగి ఇచ్చే పద్ధతి, గడువు ఉత్తరంలోనే ఉంటాయి. బిల్లు పోగొట్టుకున్నవాళ్ల సంగతి నాకు తెలియదు కాబట్టి అంతకన్నా చెప్పలేను.

ఇండియాలో అమ్మానాన్నల కారు

అక్కడా రీకాల్స్ ఉన్నాయి. 2023 జనవరిలో మారుతి సుజుకి 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం వెనక్కి పిలిచింది. ఆల్టో కే10, ఎస్-ప్రెస్సో, ఈకో, బ్రెజా, బలెనో, గ్రాండ్ విటారా అందులో ఉన్నాయి. పార్టు మార్చేదాకా కారు నడపొద్దని కూడా చెప్పింది. ఆర్‌సీ మీద ఉండే ఛాసిస్ నంబరును వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమనండి. చాలా కంపెనీల సైట్లలో ఆ నంబరు కొట్టి చూసే పేజీ ఉంటుంది, లేకపోతే షోరూముకు ఫోన్ చేసి ఈ నంబరు మీద రీకాల్ ఏమైనా ఉందా అని అడగమనండి.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

అమెరికాలో కొత్త కారును ఓపెన్ రీకాల్‌తో డీలర్ అమ్మకూడదు. పాత కారుకు మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. అందుకే ఫ్రెండ్ దగ్గర కొన్నా, పెద్ద షోరూములో కొన్నా, డబ్బు ఇవ్వకముందే విన్ కొట్టండి. కొన్న వారంలోపు కంపెనీ సైటులో ఓనరుగా మీ పేరు, అడ్రసు మార్చండి, ఇల్లు మారినప్పుడు కూడా అంతే. అమ్మేటప్పుడు రిపేర్ ఆర్డర్ కాగితాన్ని టైటిల్‌తోపాటు (కారు యాజమాన్య పత్రంతోపాటు) కొన్నవాళ్ల చేతిలో పెట్టండి. రీకాల్ ఇంకా చేయించకపోతే ఆ మాట నోటితో చెప్పండి, వాళ్లింట్లో ముందు సీట్లో కూర్చునేది ఎవరో మనకు తెలియదు కదా.